గురకభూతం గుమ్మం

చిటపటకు కూర్చోవడం చేతకాదు. కూర్చుని చేసే పనిలో చేరడమే ఆమె చేసిన పొరపాటని హాల్లో అందరూ అంటారు. మోకాలు ఊగుతూనే ఉంటుంది. మోకాలితో పాటు ఒళ్ళోని బొమ్మా ఊగుతుంది. బొమ్మలో దిగాల్సిన సూది వేలిలో దిగుతుంది. ఆమె కుట్టిన ఎలుగుబంట్లకు ఒక కన్ను నేలను చూస్తే ఇంకోటి ఆకాశాన్ని చూస్తుంది.

"అక్కా, నీ ఎలుగు నావైపు అనుమానంగా చూస్తోందే" అంటుంది పక్కన కూర్చున్న చెల్లెలు.

"చూడనీ. ఈ హాల్లో ఎవరో ఒకరికి అనుమానం ఉండాలి" అంటుంది చిటపట.

మేడ మీద పొడవాటి హాలు. బొమ్మల తొడుగులు మూటల్లో పైకి వస్తాయి. ఆడవాళ్ళు పీటల మీద కూర్చుని వాటిలో దూది కూరాలి, మూతి కుట్టాలి, కళ్ళు కుట్టాలి. పీల్చే గాలిలో దూది, జుట్టులో దూది, తాగే నీళ్ళలో దూది. బయటికి వెళ్ళే తలుపు ముందువైపు ఒకటే, దాని పక్కనే సూపర్‌వైజర్ బల్ల. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి ఆయన్ని ఈలమాస్టారు అంటారు, వెనకాల మాత్రమే. హాలుకు అటు చివర ఇంకో తలుపుంది. దానికి తాళం. తాళానికి ముందు చూరు దాకా దూది బేళ్ళు. చెల్లెలి పీట సరిగ్గా ఆ బేళ్ళ పక్కన, ముందు తలుపుకు అన్నిటికంటే దూరంలో. నెలలు నిండుతున్నాయి, నడుము నిలబడదు. అక్కడైతే వీపు ఆనించుకోవడానికి గోడ ఉంది.

చెల్లెలి నెత్తిమీదుగా ఒక పాత కరెంటు వైరు పోతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి అది వేడెక్కి వాసన కొడుతుంది. కాలుతున్న రబ్బరు వాసన. ముక్కున్న ప్రతి మనిషికీ తెలుసు. ఎవరూ తల ఎత్తరు.

చిటపట ఎత్తింది. ఈలమాస్టారి బల్ల దగ్గరికెళ్ళి అడిగింది.

"సార్, వెనక తలుపు తెరిపించండి. నిప్పంటుకుంటే మేమంతా ఈ ఒక్క సందులోంచి ఎలా పడతాం? మా చెల్లెలు లేచి నిలబడ్డానికే ఇద్దరి చెయ్యి కావాలి."

"ఆ తలుపు తెరిస్తే బొమ్మలకు కాళ్ళొస్తాయమ్మా. నడుచుకుంటూ వెళ్ళిపోతాయి" అని నవ్వాడు ఆయన.

అంటే మీరంతా దొంగలు అని అర్థం. నవ్వుతూ చెప్తే తిట్టు తిట్టు కాకుండా పోతుందని ఆయన నమ్మకం.

అక్కణ్ణుంచి ఆమె ఆడవాళ్ళ దగ్గరికొచ్చింది. "అందరం కలిసి అడుగుదాం రండి" అంది.

"కథ అయ్యాక మాట్లాడుకుందాం లేవే" అన్నారు.

కథ! ఆ మాట వింటే చిటపటకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ హాల్లో యంత్రాల చప్పుడు లేదు. చెవులు ఖాళీ. అందుకని ఎప్పటినుంచో ఒక అలవాటు పడింది. ఒకరు కథ చదువుతారు, మిగతావాళ్ళు కుడుతూ వింటారు. చదివే మనిషి చేతులు పనిచేయవు కదా, ఆమె పని ఎవరు చేస్తారు? వినేవాళ్ళే. కథ నచ్చితే తలా ఒక బొమ్మ, తాము కుట్టిన దాంట్లోంచి, చదివే మనిషి బుట్టలో వేస్తారు. దాన్ని కథబొమ్మ అంటారు. కథ నచ్చకపోతే వెయ్యరు. అరుపుల్లేవు, అలకల్లేవు. బుట్ట ఖాళీగా ఉంటుంది, అంతే. ఈ దేశాన్నేలే పెద్దలకు కూడా ఇలాంటి బుట్ట ఒకటి పెడితే బాగుండునని చిటపట చాలాసార్లు అనుకుంది.

చదివేది కథలపిన్ని. ఆమె దగ్గర అట్టలు ఊడిపోయిన పుస్తకం ఒకటుంది. అందులో అన్నీ భూతాలు, ఎగిరే మంచాలు, మాట్లాడే నూతులు. విన్న కథనే మళ్ళీ అడుగుతారు. అయ్యాక ఇందులో మనకేముంది అని ఒకరినొకరు అడుక్కుంటారు. ఎగిరే మంచం కథ విని ఒకావిడ అత్తగారింటి నుంచి వేరుపడింది. మాట్లాడే నూతి కథ విని ఇంకొకావిడ మరిదితో మాటలు మానేసింది. నిద్రమాత్రలు, అనుకునేది చిటపట. ఆమె చదువు నేర్చింది పెళ్ళీడు దాటాక, గోడలమీద అంటించిన కరపత్రాలు చూసి. అక్షరమంటే ఆమెకు తన్నే కాలు. దాంతో భూతాలకు గుడి కట్టడమేంటి? కథ మొదలవ్వగానే మంచినీళ్ళకు లేచేది. నీళ్ళు ఎంత తాగినా కథ అయ్యేది కాదు.

అలాంటిది ఒకరోజు కథలపిన్ని గొంతు పడిపోయింది. పొద్దున్నే వచ్చి నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. గబగబా చదవగలిగిన మనిషి ఇంకెవరున్నారా అని చూస్తే చిటపటే ఉంది. పిన్ని పుస్తకం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, ఒక పేజీ మీద వేలు పెట్టింది. గురకభూతం కథ.

చిటపట మోకాలు ఆగింది. హాలు హాలంతా తనవైపు చెవులు తిప్పుకుని కూర్చుంది. ఇంతకంటే మంచి సందు దొరుకుతుందా?

మొదటి పేజీ ఉన్నది ఉన్నట్టు చదివింది. రెండో పేజీకి వచ్చేసరికి భూతం మెడలోకి ఈల వచ్చింది. మూడో పేజీలో, కథలో నీళ్ళకు వెళ్ళే కుమ్మరిపిల్ల లేచి నిలబడి, "సోదరీమణులారా! మన ఊరి వెనక గుమ్మం ఎందుకు మూశారో ఎవరైనా అడిగారా? మన ప్రాణాలంటే వాళ్ళకు లెక్కలేదు కాబట్టి!" అంది.

"ఆగాగు" అంది నసత్త.

నసత్త అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ప్రతి కథలోనూ నస పెడుతుంది కాబట్టి నసత్త. భూతం అంత పెద్దదైతే దానికి దుప్పటి ఎవరు కప్పారు అని అడిగే రకం.

"కుమ్మరిపిల్లకు మైకు ఎవరిచ్చారే?"

హాలంతా గొల్లుమంది.

"పుస్తకంలో ఉన్నదే చదువుతున్నా అత్తా."

"నీ మొహం. ఆ పిల్ల ఇంతవరకు ఈ కథలో ఎప్పుడూ నోరు విప్పి నాలుగు మాటలు అనలేదు. నువ్వు చెప్పాలనుకున్నది నీ నోటితో చెప్పు, వింటాం, వినకపోతాం. ఆ పిల్ల నోట్లో కుక్కకు. మేం బొమ్మల్లో దూది కుక్కడం చాలదా, నువ్వు మాలో కుక్కుతావా?"

ఆ సాయంత్రం చిటపట బుట్టలో ఒక్కటే బొమ్మ పడింది. అది వేసింది చెల్లెలు. దానికీ ఒకటే కన్ను.

"జాలిపడి వేశానక్కా. అందుకే సగం కుట్టాను."

మర్నాడు కూడా పిన్ని గొంతు రాలేదు. చిటపట పళ్ళు కొరుక్కుంటూ పుస్తకం తీసింది. సరే, మీ భూతాన్నే చదువుతాను, విని చావండి అనుకుంది. ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తియ్యకుండా చదవడం మొదలుపెట్టింది.

కొండచీలికలో ఒక ఊరు. ఊరికి ఒకటే గుమ్మం. గుమ్మానికి అడ్డంగా గురకభూతం పడుకుని ఉంది. ఎప్పుడు పడుకుందో ఎవరికీ తెలియదు, లేస్తే ఊరిని మింగుతుందని మాత్రం అందరికీ తెలుసు. అందుకే ఆ ఊళ్ళో మునివేళ్ళ మీద నడుస్తారు. రోకళ్ళకు గుడ్డలు చుడతారు. పసిపిల్లలు ఏడవబోతే నోట్లో తేనె రాస్తారు. పెళ్ళిలో పాటలు పాడరు, పెదాలు కదుపుతారు. పోట్లాడుకున్నా గుసగుసగానే తిట్టుకుంటారు. రాత్రీ పగలూ గురక వినిపిస్తూనే ఉంటుంది. గురక వినిపిస్తే చాలు, పడుకునే ఉంది కదా అని వాళ్ళకు ధైర్యం.

ఒక వేసవిలో ఊరి నుయ్యి ఎండిపోయింది. వాగు గుమ్మానికి అవతల ఉంది. కుమ్మరిపిల్ల కుండ ఎత్తుకుని బయల్దేరింది. ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే వద్దనాలంటే గట్టిగా అరవాలి. భూతం చెవి పక్కకు వచ్చేసరికి ఆ పిల్ల చెయ్యి జారి కుండ పగిలింది. ఊరంతా కళ్ళు మూసుకుంది.

చదువుతున్న చిటపట పుస్తకం మీదికి వంగింది. ఇంతవరకు ఆమె ఈ కథ ఎప్పుడూ వినలేదు, నీళ్ళు తాగింది. హాల్లో సూదులు ఆగాయి. అందరికీ తెలిసిన కథే, అయినా ఆగాయి.

గురక ఆగలేదు. అదే గురక, అంతే నిదానంగా. కుమ్మరిపిల్ల చెయ్యి చాచి భూతం ముక్కు తాకింది. రాయిలా చల్లగా ఉంది. దాని ఒళ్ళు ఎండిన బెరడు. లోపల పక్కటెముకలు తప్ప ఏమీ లేవు. ఆ ఎముకల మధ్య నుంచి గాలి వచ్చి పోతోంది. ఆ గాలి చప్పుడునే ఊరు గురక అనుకుంది. భూతం ఎప్పుడో, ఆ పిల్ల అమ్మమ్మ పుట్టకముందే చచ్చిపోయింది.

"మా ఆయన గురక కూడా గాలేనా?" అని ఎవరో అన్నారు.

"మీ ఆయన లోపల గాలి తప్ప ఏముందే!"

నవ్వులు. బుట్టలో బొమ్మలు పడుతున్నాయి. కుందేళ్ళు, ఏనుగులు, ఎలుగులు, ఒకదాని మీద ఒకటి. చిటపట వాటిని చూడటం లేదు. హాలు చివరకు చూస్తోంది. బేళ్ళు. బేళ్ళ వెనక తలుపు. ఆ తాళాన్ని ఈ హాల్లో ఎవరైనా కళ్ళతో చూశారా? ఎన్నేళ్ళయిందో. తుప్పు పట్టి ఉంటుంది. అసలు ఉందో లేదో! వట్టి గాలికి భయపడి మునివేళ్ళ మీద నడుస్తున్నామా?

పుస్తకం పీట మీద పడేసి పరిగెత్తింది.

"అక్కా, ఎక్కడికే?"

పై బేలు పట్టుకుని లాగింది. అది దొర్లి పడితే దూది పొగలా లేచింది. రెండోది లాగింది. మూడోది కాలితో తన్నింది. మోచేతులు చీరుకుపోయాయి. తలుపు బయటపడింది. చెయ్యి పెట్టి గుంజింది.

తాళం కదల్లేదు. కొత్తది. పిడికిలంత. నూనె రాసి ఉంది, ఆమె అరచేతికి అంటుకుంది.

వెనకనుంచి ఈల మోగింది.

"చచ్చిందనుకున్నావా?" అన్నాడు ఈలమాస్టారు. అంటే కథ ఆయనా విన్నాడు, రోజూ వింటాడు. "నెలనెలా నేనే నూనె రాస్తాను. మీరంతా వెళ్ళాక బేళ్ళు జరిపించి మరీ. నీకు రేపట్నుంచి ఈ మెట్లెక్కే పని లేదు. నీ చెల్లెలికీ లేదు. ఆ బేళ్ళు ఎక్కడివక్కడ సర్దేసి వెళ్ళు."

ఆయన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. చిటపట నిలబడిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక కథను నమ్మింది. మొదటిసారే చెంపదెబ్బ. చెల్లెలి మొహం చూడలేకపోయింది. తన పని పోతే పోయింది. నిండు నెలల్లో ఉన్న చెల్లెలి నోటి దగ్గర కూడు తానే లాగేసింది.

పుస్తకాన్ని కథలపిన్ని ముందు విసిరేసింది. "ఇదిగో నీ భూతం! అంతా బూటకం! చచ్చిందట! చావలేదు, నూనె రాసుకుని నిక్షేపంగా ఉంది! ఇలాంటి కథలు విని విని మనకు బుర్రల్లో కూడా దూదే మిగిలింది!"

పిన్ని నోరు తెరిచింది. గాలే వచ్చింది. పుస్తకం తీసుకుని దులిపింది. నసత్త మాత్రం దారం కొరికి ఉమ్మేసింది.

"నువ్వు కథ చదివావు గానీ వినలేదు."

"ఏం వినలేదు?"

"కుమ్మరిపిల్ల ఇంట్లోంచి బయల్దేరినప్పుడు భూతం చచ్చిందని దానికి తెలుసా?"

"తెలీదు."

"బతికుందనుకునే కదా వెళ్ళింది?"

"అవును."

"మరి నువ్వు? చచ్చిందనుకున్నాక లేచావు. చచ్చినదాని మీదికి ఎవరైనా వెళ్తారు. అది కథ కాదు. బతికుందనుకుని కూడా కుండ ఎత్తుకుంది చూడు, అదీ కథ. భూతం చావడం ఏముంది, రాసినాయనకు పేజీలు అయిపోయి ఉంటాయి."

చిటపట అరచేతికి అంటిన నూనెను కొంగుకు తుడుచుకుంది.

"ఇన్నిసార్లు విన్నారు కదా అత్తా" అంది, "మరి మీరెవరూ ఎందుకు లేవలేదు?"

పైన వైరు వాసన మొదలైంది. నసత్త ముక్కు ఎగబీల్చింది. ఆమె మొహంలో సిగ్గు లాంటిదేదో కనబడి వెంటనే కోపంగా మారింది.

"మా నుయ్యి ఇంకా ఎండలేదనుకున్నాం" అంది.

ఆమె లేచింది. మోకాళ్ళు పట్టుకుని, తిట్టుకుంటూ, పీట చంకలో పెట్టుకుని హాలు చివరికి నడిచింది. బేళ్ళు లాగేసిన చోట, తలుపుకు వీపు ఆనించి, పీట వేసుకుని కూర్చుంది. ఒళ్ళో కుందేలుకు కన్ను కుట్టడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, నువ్వూ రా" అని నసత్త చెల్లెల్ని పిలిచింది. "ఇక్కడ ఆనుకోవడానికి గోడకంటే బాగుంది."

చెల్లెలు వెళ్ళింది. ఇద్దరు చెయ్యందించారు. చెయ్యందించిన వాళ్ళు తిరిగి రాలేదు, అక్కడే కూర్చున్నారు. కథలపిన్ని పీట తెచ్చుకుంది. ఒకరి వెనక ఒకరు, పీట, బుట్ట, దారపు కండె. బేళ్ళు పెట్టాల్సిన జాగా అంతా ఆడవాళ్ళతో నిండిపోయింది. ముందు సగం హాలు బోసిపోయింది.

ఈలమాస్టారు ఈల ఊదాడు. ఎవరూ తల ఎత్తలేదు. అలవాటే కదా.

"ఏంటిది? పని ఆపేస్తున్నారా?"

"అయ్యో, ఎక్కడాపాం సార్? కుడుతూనే ఉన్నాం, చూడండి. చోటు మారామంతే. ఇక్కడ వీపుకు హాయిగా ఉంది" అంది నసత్త.

"కింద బండిలో కొత్త బేళ్ళు వచ్చి ఉన్నాయి. ఎక్కడ పెట్టించను?"

"మీ బల్ల మీద పెట్టించండి. మీకు మెత్తగా ఉంటుంది."

బేళ్ళు మోసే మనుషులు మెట్ల మీద బరువుతో నిలబడిపోయారు. దింపడానికి చోటు లేదు. ఒకాయన ముందు తలుపులోనే దింపేశాడు. ఇంకొకాయన దానిపక్కన దింపాడు. చూస్తుండగానే ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. ఈలమాస్టారు ఆ బేళ్ళను చూశాడు, పైన వైరును చూశాడు. ఆయన కూడా ఇటువైపే ఉన్నాడు. ఆ సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. ఫోను తీసి, గొంతు తగ్గించి యజమానితో మాట్లాడసాగాడు. మునివేళ్ళ మీద నిలబడి మాట్లాడుతున్నాడని చెల్లెలు చూపించింది.

చిటపటకు నిలవడం కష్టంగా ఉంది. గోడదాకా వెళ్తోంది, వస్తోంది. "ఇలా కూర్చుంటే ఏమవుతుంది? పగలగొడదాం. సుత్తి ఉందా? కత్తెర ఉందా?"

"నువ్వు కూర్చోవే తల్లీ, మాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది నసత్త. "కూర్చోలేకపోతే చదువు. మొదటినుంచి. ఏమీ కలపకుండా."

చదివింది. నిలబడే చదివింది. ఈసారి గొంతు దానంతటదే పెరిగింది. రోకళ్ళకు గుడ్డలు చుట్టే చోట ఆడవాళ్ళు పీటల మీద చేతులతో దరువేశారు. పెళ్ళిలో పెదాలు కదిపే చోట ఎవరో నిజంగానే పాట ఎత్తుకున్నారు. కుండ పగిలే చోట చెల్లెలు తన స్టీలు గ్లాసు నేలకేసి కొట్టింది. ఆ చప్పుడుకు ఈలమాస్టారి చేతిలో ఫోను జారింది.

కుమ్మరిపిల్ల ఎముకల్లోంచి నడిచి వాగుకు చేరేసరికి తాళంచెవి బల్ల సొరుగులోంచి బయటికి వచ్చింది.

"జరగండి" అన్నాడాయన, ఎవరి మొహమూ చూడకుండా. పీటలు అంగుళం అంగుళం జరిగాయి. నూనె రాసిన తాళం కదా, సుఖంగా తెరుచుకుంది. తలుపు తోశాడు. జానెడు తెరుచుకుని ఆగిపోయింది. అవతల ఇనప మెట్ల మీద పాత చెక్కపెట్టెలు కుప్పపోసి ఉన్నాయి.

"తెరిచాను. చాలా? లేవండిక."

నసత్త చెల్లెలివైపు చూసింది. "అమ్మాయ్, ఒకసారి దూరి చూపించు సార్‌కి."

చెల్లెలు వెళ్ళి పక్కకు తిరిగింది. భుజం పట్టింది. తల పట్టింది. పొట్ట పట్టలేదు. ఇటు తిరిగింది, అటు తిరిగింది. నవ్వొచ్చి ఆయాసం వచ్చి తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"పట్టట్లేదు సార్" అంది.

"ఆవిడ పట్టేదాకా తెరవండి" అంది చిటపట. అరవలేదు. "అదీ మీకు కొలత. మా ఇద్దరి పని కూడా రేపు ఇక్కడే ఉంటుంది."

"కథ సగంలో ఉంది మరి. చదివే మనిషి లేకపోతే మాకు చేతులు ఆడవు" అంది నసత్త దారం ఎక్కిస్తూ.

బేళ్ళు మోసే మనుషులు కిందినుంచి చుట్టూ తిరిగి వచ్చి పెట్టెలు లాగారు. తలుపు గోడకు కొట్టుకునేదాకా తెరుచుకుంది. బయటి గాలి వచ్చి హాల్లోని దూదినంతా ఒక్కసారి లేపింది. అందరూ తుమ్ముతుంటే, చెల్లెలు కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగసాగింది. హాలంతా గుమ్మంలో గుంపుగా నిలబడి చూసింది. చివరి మెట్టు దిగి, నేలమీద రెండు కాళ్ళూ పెట్టి, తల పైకెత్తింది.

"ఇప్పుడు ఇవన్నీ మళ్ళీ ఎక్కాలా?" అని గట్టిగా అరిచింది.

నవ్వుతూ అందరూ పీటల దగ్గరికి వచ్చారు. పిన్ని చిటపట బుట్టలో ఒక ఏనుగును పెట్టి భుజం తట్టింది. చిటపట కూర్చుంది. పుస్తకం మూసింది. గాలికి వాసన కొంచెం పలచబడింది గానీ పోలేదు. తల ఎత్తి చూస్తే వైరు అక్కడే ఉంది, వేడిగా, నల్లగా.

ఆమె మోకాలు మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. పక్కన నసత్త మోకాలు కూడా.